జర్మన్ వచ్చిన అమ్మాయి క్లాసులో ఎందుకు మాట్లాడటం లేదు?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసింది. జర్మనీలో ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో ఉండి జర్మన్ నేర్చుకుంటోంది. ఇప్పుడు బీ2 స్థాయిలో, అంటే భాషకున్న ఆరు మెట్లలో నాలుగోదాంట్లో ఉంది. చదవడం, రాయడంలో మార్కులు బాగానే వస్తున్నాయి. క్లాసులో మాట్లాడమంటే మాత్రం నోరు తెరవదట. భయపడొద్దని మేం ఎంత చెప్పినా ఫలితం లేదు. ఏం చేయాలి?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, బీ2 దాకా వచ్చిన అమ్మాయికి భాష రాదనుకోవద్దు. భాష రావడం వేరు, ఆ క్షణంలో మాట్లాడాలనిపించడం వేరు. కొత్త భాష నేర్చుకునేవారి మనస్తత్వంపై పరిశోధించే పీటర్ మెకింటైర్, ఆయన సహ పరిశోధకులు 1998లో దీన్ని ఒక పిరమిడ్ బొమ్మగా గీసి చూపించారు. అన్నిటికన్నా పైన మాట్లాడటం, దాని కింద మాట్లాడేందుకు సిద్ధపడటం ఉంటాయి. ఆ కిందే 'ఈ మనిషితో మాట్లాడాలి' అన్న కోరిక, 'ఇప్పుడు నేను మాట్లాడగలను' అన్న ధైర్యం ఉంటాయి. ఈ రెండూ లేనప్పుడు ఎంత గ్రామర్ వచ్చినా గొంతు పెగలదు.

మీరు ముందు భయం పోగొట్టాలని చూస్తున్నారు. నేనైతే అక్కడ మొదలుపెట్టను. మెకింటైర్, జాన్ మార్క్ డెవాలె కలిసి 1,746 మంది భాషా విద్యార్థులపై చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. భయం, ఆనందం త్రాసులో రెండు పళ్లాల్లాంటివి కావని, ఒకే విద్యార్థిలో రెండూ కలిసి ఉండొచ్చని అందులో తేలింది. అంటే టెన్షన్ ఉండగానే మాట్లాడటంలో ఇష్టం పెంచవచ్చు. భయం పోయాక మాట్లాడదామని కూర్చుంటే ఆ రోజు రాదు.

ఇష్టం పెరగాలంటే ఆమెకు బాగా తెలిసిన పనితోనే మొదలుపెట్టాలి. క్లాసులో తనకు చనువున్న ఒక్క స్నేహితురాలు చాలు. రోజూ కాసేపు ఒకరు పేషెంట్, ఒకరు నర్సు. 'వో హాబెన్ జీ ష్మెర్ట్సెన్?' అంటే 'మీకు నొప్పి ఎక్కడ?' అని అడగాలి, జవాబు వినాలి, డ్యూటీ మారేటప్పుడు ఇచ్చే హ్యాండోవర్‌ను జర్మన్‌లోనే చెప్పాలి. వార్డులో ఏం అడగాలో, ఏం చెప్పాలో ఆమెకు ముందే తెలుసు కాబట్టి వెతుక్కోవాల్సింది మాటలే. డెర్, డీ, డాస్ (నామవాచకాల లింగాన్ని బట్టి ముందు వచ్చే పదాలు) తప్పులకు మధ్యలో ఆపకూడదు. ఆ తప్పులున్నా పేషెంట్‌కు విషయం అర్థమవుతుంది. తర్వాత కూర్చుని దిద్దుకోవచ్చు.

టీచర్‌తో కూడా ఒకసారి మాట్లాడమనండి. ఉన్నట్టుండి లేపి అడగకుండా, ముందు పక్కవాళ్లతో మాట్లాడుకునే వీలిచ్చి తర్వాత అడిగితే చాలామందికి మాట వస్తుంది.

ఇక ఇంట్లో 'ఈరోజైనా మాట్లాడావా?' అని అడగకండి, అది ఆమెకు ఇంకో పరీక్షలా అనిపిస్తుంది. కట్టిన ఫీజు గురించి, ఇప్పటికే జర్మనీ వెళ్లిపోయిన తోటి అమ్మాయిల గురించి ఎత్తకండి. 'ఈరోజు పేషెంట్‌గా ఎవరున్నారు, ఏ జబ్బు?' అని అడిగి చూడండి. తనే చెప్పుకుంటూ పోతుంది.

గోథె ఇన్‌స్టిట్యూట్ పెట్టే బీ2 జర్మన్ పరీక్ష గురించి ఒక విషయం. మాట్లాడే భాగంలో సాధారణంగా ఇద్దరు అభ్యర్థులు కలిసి కూర్చుంటారు, సిద్ధపడటానికి 15 నిమిషాలు ఇస్తారు. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అనే నాలుగు భాగాలకూ విడివిడిగా 100కు 60 వస్తే పాస్. మాట్లాడటంలో ఒక్కదాంట్లో తప్పినా మిగతా మూడూ పోవు, అదొక్కటే మళ్లీ రాసుకోవచ్చు. ఈ సంగతి ఆమెకు తెలుసో లేదో కనుక్కోండి.