ల్యాబ్‌లో చేరబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

బిహేవియరల్ సైకాలజీ ల్యాబ్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. డిగ్రీ రెండో ఏడాదిలోనే నీకీ ఆలోచన వచ్చినందుకు గర్వంగా ఉంది. ఆ మాట నీ నోటితో కాక మీ అమ్మ నోటితో వినాల్సి వచ్చినందుకు కోపంగానూ ఉంది. ఆ ల్యాబుల్లోనే వయసంతా గడిపిన పెద్దమ్మ ఒకతి ఉందని గుర్తు రాలేదుటే?

సరే, ముందు తేలిక సంగతులు. ప్రొఫెసర్‌కి రాసే మెయిల్ పొట్టిగా ఉండాలి. ఆ ల్యాబ్ నుంచి ఈమధ్య వచ్చిన పేపర్ ఒక్కటైనా చివరిదాకా చదివి, అందులో నీకు అర్థం కానిదేదో ఒక వాక్యంలో అడుగు. వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలవో, ఎన్ని సెమిస్టర్లు ఉంటావో చెప్పు. నేర్పిన మనిషి నాలుగు నెలలకే వెళ్లిపోతే వాళ్లకు నష్టం, అందుకే చాలా ల్యాబులు ఏడాదైనా ఉండేవాళ్లనే తీసుకుంటాయి. జవాబు రాకపోతే కొన్నాళ్లాగి ఇంకోసారి రాయి, అలగకు. జీతం ఇస్తారా, క్రెడిట్లు ఇస్తారా, అనుభవమే జీతమా అన్నది చేరకముందే అడుగు. సిగ్గుపడి ఊరుకుంటావని తెలుసు కాబట్టి మళ్లీ చెబుతున్నా, అడుగు. రోజూ నీకు పని చెప్పేది తలుపు మీద పేరున్న ప్రొఫెసర్ కాకపోవచ్చు. ఎక్కువ చోట్ల అక్కడ పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లే చెబుతారు. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు వాళ్లతో మాట్లాడించమని కోరు. తెలియని ప్రశ్న అడిగితే విసుక్కునే మనిషి కింద పని నేర్చుకోవడం కష్టం.

పని ఏదో ఘనంగా ఉంటుందనుకోకు. ప్రయోగంలో పాల్గొనడానికి వచ్చేవాళ్లకు టైమ్ ఇవ్వడం, వస్తామని రానివాళ్ల కోసం ఖాళీ గదిలో కూర్చోవడం, సమ్మతి పత్రం చదివించి సంతకం తీసుకోవడం, వాళ్లకు చెప్పాల్సిన మాటలు రాసిపెట్టిన ఒకే స్క్రిప్టుని నలభయ్యోసారి కూడా మొదటిసారి చదివినట్టే చదవడం, వీడియోలు ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఎవరు ఎప్పుడేం చేశారో షీట్లో కోడ్ చేయడం, అంటే చూసినదాన్ని ముందే అనుకున్న గుర్తులుగా రాయడం. ఎలుకల ల్యాబ్ అయితే రోజూ బరువు తూచాలి. ఎలుకలకు ఆదివారం ఉండదు, నీకూ ఉండదు. నాకైతే ఈ చిల్లర పనులే ఇష్టం. పేపర్లో రెండు ముక్కల్లో తేల్చేసే పద్ధతి గదిలో ఎంత పెంకిగా ఉంటుందో వీటిని చేసినవాళ్లకే తెలుస్తుంది.

నా బెంగ ఈ పనుల గురించి కాదు, నీ గురించి. చిన్నప్పుడు నిన్ను ఎక్కాలు అడిగేదాన్ని గుర్తుందా? ‘ఏడెనిమిదులు?’ అంటే ‘యాభై...’ అని ఆగి నా ముఖంలోకి చూసేదానివి. నా కనుబొమ్మ కాస్త కదలగానే ‘ఆరు’ అనేదానివి. మీ అమ్మ మురిసిపోయేది. పిల్లకి ఎక్కం రాలేదు, నా ముఖం వచ్చింది అని నాకు తెలుసు. పెద్దవాళ్లకేం కావాలో కనిపెట్టి అది అందించడం నీకు పుట్టుకతో వచ్చిన విద్య. ఇంట్లో అది ముద్దే. ల్యాబ్‌లో ఆ గుణమే కొంప ముంచుతుంది.

బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని, గిట్టతో నేలను తట్టి జవాబు చెబుతుందని వందేళ్ల కిందట పెద్ద పేరు. ఆస్కర్ ఫంగ్‌స్ట్ అనే ఆయన పరీక్షించి 1907లో అసలు సంగతి రాశాడు. అడిగేవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియడం లేదు. సరైన అంకె రాగానే అడిగేవాడి తల వాడికే తెలియకుండా కాస్త కదిలేది, గుర్రం అది చూసి ఆగేది. అక్కడ మోసం చేసినవాళ్లెవరూ లేరు, అదే నన్ను భయపెట్టేది. ఇన్నాళ్లూ ముఖాలు చదివింది నువ్వు. ఇకమీదట ప్రయోగానికి వచ్చినవాళ్లు నీ ముఖం చదువుతారు.

మా ల్యాబ్‌లోనే జరిగింది చెబుతా విను. మెచ్చుకుంటే మనుషులు కష్టమైన పనిని ఎక్కువసేపు పట్టుకుంటారా అన్నది ప్రయోగం. సగం మందికి ముందు ఓ మెచ్చుకోలు మాట, మిగతావాళ్లకు ఏమీ లేదు. తర్వాత అందరికీ అసలు జవాబే లేని పజిల్. ఎంతసేపటికి వదిలేస్తారో స్టాప్‌వాచ్‌తో కొలవాలి. ఆ పని నాతోపాటు చేరిన ఒక అమ్మాయిది. బుద్ధిమంతురాలు, ఒక్క రోజు ఆలస్యంగా రాలేదు. ప్రొఫెసర్ ఏం ఆశిస్తున్నాడో ఆమెకు తెలుసు, ఎవరిని మెచ్చుకున్నారో కూడా తెలుసు, ఎందుకంటే మెచ్చుకున్నది ఆమే. లెక్కలు అద్భుతంగా వచ్చాయి. మీటింగులో ఆయన ముఖం వెలిగిపోయేది, అది చూసి ఈమె ముఖమూ.

తర్వాత ఎవరికో అనుమానం వచ్చి, ఎవరు ఏ గుంపో తెలియని ఇంకొకరి చేత వీడియోలన్నీ చూపించి టైములు మళ్లీ కొలిపించారు. తేడా చాలావరకు మాయమైంది. విషయం ఏమిటంటే, ‘వదిలేయడం’ అంటే ఏమిటో ఎవరూ సరిగ్గా రాసిపెట్టలేదు. పెన్సిల్ కింద పెట్టడమా, కుర్చీలో వెనక్కి వాలడమా, తలెత్తి చూడటమా? మెచ్చుకున్నవాళ్లు పెన్సిల్ పెట్టేస్తే ‘ఇంకా ఆలోచిస్తున్నారేమో’ అని ఆ అమ్మాయి ఆగింది. మిగతావాళ్లు పెట్టగానే బటన్ నొక్కేసింది. ఆ సంగతి తనకే తెలియదు, వీడియోలో చూపించేదాకా నమ్మలేదు. నెలల తరబడి పోగేసిన డేటా పక్కన పడేశారు. ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు, కానీ ఆమె మానేసింది. ఆ తప్పు ఆమె నెత్తిన పడటం అన్యాయమని నేనిప్పటికీ అంటాను. పరికల్పన, అంటే ఏం తేలుతుందని ఆశిస్తున్నారో, ముందే చెప్పింది, మెచ్చుకునే పనీ కొలిచే పనీ ఒక్కరికే అప్పగించింది, నిర్వచనం రాయనిది, అన్నీ పెద్దవాళ్లే.

ఇది కొత్త వింతా కాదు. రాబర్ట్ రోజెంథాల్, కెర్మిట్ ఫోడ్ 1963లో అచ్చువేసిన ప్రయోగంలో 12 మంది విద్యార్థులకు తలా 5 ఎలుకలిచ్చి, కొందరికి ఇవి తెలివైనవని, కొందరికి మందమతులని చెప్పారు. నిజానికి అన్నీ మామూలువే. అయినా ‘తెలివైన’ ఎలుకలే చిక్కుదారి బాగా నేర్చుకున్నాయి. ఆ విద్యార్థులు నీ ఈడువాళ్లే.

అందుకని, ఎవరు ఏ గుంపో నీకు చెప్పకుండా ఉండే వీలుంటే చెప్పొద్దనే అడుగు. స్క్రిప్టులో లేని చిరునవ్వు కూడా కలపకు. వీడియోలు ఇద్దరు విడివిడిగా కోడ్ చేసి, ఎంత కలిసిందో కప్పా అనే లెక్కతో చూస్తారు. జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చిన లెక్క అది, యాదృచ్ఛికంగా కలిసే భాగాన్ని తీసేసి చూస్తుంది. మొదట్లో నీ కప్పా తక్కువే వస్తుంది. ఏడవకు, పక్కవాళ్ల షీట్ చూసి నీది దిద్దుకోకు. ఆ తేడానే నిర్వచనంలో కంత ఎక్కడుందో చూపిస్తుంది. కరెంటు పోయిందా, పక్క గదిలో గోల అయిందా, నువ్వే ఒక వాక్యం మింగేశావా, ఏది జరిగినా తేదీ వేసి ఆరోజే రాయి. జ్ఞాపకం మీద వదలకు.

మధ్యలో లేచి వెళ్లిపోతానన్నవాళ్లను ‘ఇంకో ఐదు నిమిషాలే’ అని బతిమాలకు. వెళ్లే హక్కు వాళ్లది, సమ్మతి పత్రంలో ఆ మాట నువ్వే చదివించి ఉంటావు. అక్కడ విన్నది స్నేహితుల దగ్గర చెప్పకు, పేర్లు తీసేసి కూడా.

ఇదంతా చదివి హడలిపోయావేమో, పిచ్చి పిల్లా. నిన్ను మానేయమనడం లేదు. నీ చూపు చురుకైనదని చిన్నప్పుడే చూశాను, ఆ చూపున్నవాళ్లే మంచి కోడర్లవుతారు. 2011లో నెదర్లాండ్స్‌లో డిడెరిక్ స్టాపెల్ అనే పెద్ద ప్రొఫెసర్ డేటా కల్పించాడని బయటపడింది కదా. ముందు అనుమానించి పైకి చెప్పింది అక్కడి కుర్ర పరిశోధకులే. నీకు అంత అవసరం పడకూడదని కోరుకుంటున్నా. కానీ ఏ అంకెనైనా ‘కాస్త సర్దు’ అని ఎవరన్నా అంటే, మొహమాటపడి తలూపకు. ఎందుకో రాతపూర్వకంగా పంపమని అడుగు, ఆ రాత్రే నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా సరే.

పరీక్షల వారం ల్యాబ్‌కి గంటలు తగ్గిస్తానని ముందుగానే చెప్పుకో. నిద్ర మానేసి కోడ్ చేసిన షీట్ ఎలాగూ మళ్లీ చేయాల్సిందే.

ఆ మెయిల్ పంపేముందు చిత్తు నాకు పంపు. ‘చిన్నప్పటి నుంచి మనుషుల మనసులంటే నాకు ఆసక్తి’ అనే వాక్యం అందులో కనబడిందో, కొట్టేసి వెనక్కి పంపిస్తాను.

మీ పెద్దమ్మ