ఆయన అక్కడ ఎండలో... నాకిక్కడ మల్లెపూలా?

ప్రశ్న: మాది ఉద్దానంలో సోంపేట దగ్గర ఒక పల్లె. నాకు 32 ఏళ్లు. 2018లో తిత్లీ తుపానుకి మా కొబ్బరి, జీడి తోట పడిపోయింది. అప్పులు పెరిగి నాలుగేళ్ల క్రితం మా ఆయన దుబాయ్ వెళ్లారు. బిల్డింగుల పనిలో వెల్డరు. ఇక్కడ నేను, ఎనిమిదేళ్ల పాప, మా అత్తగారు ఉంటున్నాం. మామగారు కిడ్నీ జబ్బుతో పోయారు. అత్తగారికి కూడా క్రియాటినిన్ కొంచెం ఎక్కువుందని మందులు వాడుతున్నాం. పోయిన నెల సంతలో 30 రూపాయలు పెట్టి మల్లెపూలు కొని పెట్టుకున్నాను. అత్తగారు చూసి, "నా గుంటడు అక్కడ ఎండలో మాడిపోతంటే నీకిక్కడ పువ్వులు కావాలేటి?" అన్నారు. ఇంకోరోజు కనుబొమ్మలు చేయించుకుని వస్తుంటే పక్కింటి వదిన, "మొగుడు ఊర్లో లేడు కదా, ఎవులికి సూపించడానికి ఈ సోకులు?" అంది. అప్పటి నుంచి పూలు మానేశాను. మామిడిపండు పాపకి కోసి ఇస్తాను గానీ నేను ముట్టను. పండక్కి కొన్న కాటన్ చుడీదార్ బీరువాలోనే ఉంది. ఆయన వీడియో కాల్ చేస్తే లైటు తీసేసి మాట్లాడుతున్నాను. మొన్న ఎవరో పాపకి పూలిస్తే తీసుకోలేదు, "నాన్న వచ్చాక పెట్టుకుంటా" అంది. రెండు లక్షల బాకీకి నూటికి మూడు రూపాయల వడ్డీ కడుతున్నాం. ఇంత కష్టంలో ఉండి ఇవన్నీ కోరుకోవడం తప్పేనా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ పాప మాట దగ్గర ఆగిపోయాను. ఎనిమిదేళ్ల పిల్ల మల్లెపూలు చేతిదాకా వస్తే వద్దంది. ఆ పిల్లకి అలా ఉండమని మీరెవరూ చెప్పి ఉండరు. మిమ్మల్ని చూసి నేర్చుకుంది. నాన్న దూరంగా ఉంటే ఇంట్లో ఎవరూ సంతోషంగా ఉండకూడదు అనుకుంటోంది. తప్పేనా అని అడిగారు కాబట్టి ముందే చెప్పేస్తాను. తప్పు కాదు. కొంచెం కూడా కాదు.

మీరు పూలు మానేసింది అత్తగారికి భయపడి మాత్రమే అనుకోను. ఆయన పడే కష్టంలో మీరూ కాస్త పంచుకోవాలనుకున్నారు. ఆయన తినలేని పండు మీ గొంతు దిగడం లేదు. దాన్ని నేను చిన్నచూపు చూడను, అది ప్రేమే. కానీ ఆ ప్రేమ ఆయనకి ఎలా చేరుతోందో ఒకసారి ఆలోచించండి. పన్నెండు గంటలు ఇనుము దగ్గర పని చేసి గదికి వచ్చి ఫోన్ చేస్తే, అవతల చీకట్లో ఒక మొహం కనిపిస్తోంది. ఇంట్లో ఏదో జరిగింది, నాకు చెప్పడం లేదు అని ఆ మనిషి ఆ రాత్రంతా టెన్షన్ పడి ఉండడా? మీరు వదిలేసుకున్న పండు వల్ల అక్కడ ఎండ తగ్గలేదు, ఇక్కడి దిగులు మాత్రం అక్కడికి చేరింది. మీరూ పాపా చల్లగా ఉండాలనే కదా ఆయన ఊరు దాటింది.

ఆయన ఎండ గురించి మీరు నిజంగా చేయగలిగింది ఒకటుంది. ఎమిరేట్స్‌లో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు, మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా నేరుగా ఎండ తగిలే చోట పని చేయించకూడదని నియమం ఉంది. ఆ సమయంలో పనివాళ్లకి నీడ, మంచినీళ్లు యజమానే ఏర్పాటు చేయాలి. వాళ్ల గడియారం మనకంటే గంటన్నర వెనక, అంటే మనకి రెండు గంటల నుంచి నాలుగున్నర వరకు. ఆ విరామం ఇస్తున్నారా అని అడగండి. నీళ్లతో పాటు ఓఆర్ఎస్ తాగుతున్నారా, పనిలో కళ్లు తిరిగాయా, కండరాలు పట్టేశాయా అని అడగండి. విరామం ఇవ్వకపోతే అక్కడి కార్మిక శాఖకి ఫిర్యాదు చేసుకోవచ్చు. మే నెలకీ జూన్ మొదటి రెండు వారాలకీ ఆ నియమం వర్తించదు, కాబట్టి ఇప్పుడే ఇంకా జాగ్రత్తగా అడగాలి. మీరు పండు మానేయడం కంటే ఈ నాలుగు ప్రశ్నలు ఆయనకి ఎక్కువ అక్కరకొస్తాయి.

ఇక అత్తగారు. ఆవిడ మాట మిమ్మల్ని గాయపరిచింది, నిజమే. కానీ ఆ మాటలో నాకు కోపం కన్నా భయం ఎక్కువ వినిపించింది. తోట పోయింది, భర్త పోయాడు, మిగిలిన ఒక్క కొడుకు సముద్రం అవతల ఉన్నాడు, తన రక్త పరీక్ష కాగితంలో అంకె పెరుగుతోంది. ఇంకొకటి కూడా ఉంది. మామగారు పోయిన రోజున ఆవిడ తలలోంచి పూలు తీసేసి ఉంటారు. నీకిష్టమేనా అని ఎవరైనా అడిగారా? మళ్లీ ఏ వేసవిలోనైనా ఒక మూర ఆవిడ చేతికిచ్చారా? మీరు మల్లెలు పెట్టుకుని గుమ్మంలోకి వచ్చినప్పుడు ఆ వాసనకి ఆవిడకేం గుర్తొచ్చిందో మనకి తెలియదు. భర్త పోయిన ఆడది పూలు పెట్టుకోకూడదన్న కట్టుబాటును నేను ఏనాడూ ఒప్పుకోలేదు. అలాగని మీరు ఇప్పుడు వెళ్లి ఆవిడతో వాదించమని చెప్పను.

వాదనకి బదులు ఒక పని అడగండి. "అత్తా, ఆయనకి మామిడి తాండ్ర పంపిద్దాం, నాకు చేయడం రాదు, దగ్గరుండి నేర్పించండి" అనండి. మీకు వచ్చినా సరే, రాదనే చెప్పండి. సువర్ణరేఖ పళ్లు తాండ్రకి వద్దు, అవి కోసుకు తినాల్సినవి. పీచున్న నాటు పళ్లు చాలు, చవగ్గా దొరుకుతాయి. రసం పిండి, వడకట్టి, బెల్లమో పంచదారో కలిపి, శుభ్రమైన చాపకి కొంచెం నెయ్యి రాసి పల్చగా పొయ్యాలి. ఆ పొర ఎండాక దానిమీద ఇంకో పొర. పైన పల్చటి గుడ్డ కప్పితే దుమ్మూ ఈగలూ పడవు. విజయనగరం జిల్లాలో భీమాలికి తాండ్ర ఊరనే పేరొచ్చింది ఇలా పొర మీద పొర పోసే ఓపిక వల్లే. మే 25న రోహిణి కార్తె వస్తుంది. రోళ్లు పగిలే ఎండ అంటాం కదా, తాండ్రకి అంతకన్నా మంచి ఎండ లేదు. ఏ పొర ఎండింది, ఏది ఎండలేదు అని రోజూ వేలితో నొక్కి చూసి చెప్పేది ఆవిడే అవుతుంది. కొడుకు కోసం ఏమీ చేయలేకపోతున్నానన్న బాధ ఆవిడకి కొంత తగ్గుతుంది. బాగా ఎండిన తాండ్ర నెలల తరబడి నిలవుంటుంది. మీ ఊరి వాళ్లెవరైనా సెలవుకి వచ్చి తిరిగి వెళ్తుంటే వాళ్ల సంచిలో పెట్టి పంపండి.

ఒక్క జాగ్రత్త. క్రియాటినిన్ పెరిగిన వాళ్లకి మామిడిపండు, కొబ్బరినీళ్లు ఎంత వరకు మంచిదో డాక్టరే చెప్పాలి, వాటిలో పొటాషియం ఉంటుంది. వేసవి కదా, చలవ చేస్తుందని ఉద్దానంలో ఇంటింటా కొబ్బరినీళ్లు ఇచ్చేస్తుంటారు, అందుకే చెబుతున్నాను. నీళ్లు ఎన్ని తాగాలన్నది కూడా ఆవిడ విషయంలో డాక్టరు మాటే. నొప్పుల మాత్రలు సొంతంగా కొని వేయవద్దు. అందుకని ఆవిడకి మీరిచ్చే సుఖం పళ్లెంలో కాకుండా వేరేచోట వెతకండి. సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లి, నేల చల్లారాక నులక మంచం వేయండి. పాప చేత నానమ్మ తలకి కొబ్బరి నూనె రాయించండి. ఉతికి ఉతికి మెత్తబడిన నేత చీర కట్టుకోమనండి. మా అమ్మకి పొందూరు ఖద్దరు చీర ఒకే ఒక్కటి ఉండేది. కొన్నప్పుడు కాస్త గరుకుగా ఉందట. నాకు తెలిసేసరికి మాత్రం అది దూదిలా ఉండేది, వేసవి మధ్యాహ్నం మేము ఆ కొంగు కప్పుకుని నిద్రపోయేవాళ్లం. ఆ నూలుకి వాడే పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారని చాలా తర్వాత తెలిసింది. అంత శ్రమ ఉన్న బట్ట కాబట్టి దాని ధరా ఎక్కువే, ఇప్పుడే కొనమని అనను. అప్పు తీరిన ఏడాది కొనుక్కోండి, మీకొకటి, అత్తగారికొకటి.

బీరువాలోని చుడీదార్ మాత్రం రేపే తీయండి. మనది సముద్రం పక్క నేల, ఎండతో పాటు ఉక్కపోత. చెమట ఆరదు. నైలాన్, పాలిస్టర్ ఒంటికి అతుక్కుని చెమటకాయలు లేస్తాయి. వదులైన నూలు బట్ట ఇక్కడ వేసవిలో అవసరం, దాన్ని సోకు అన్నవాళ్లు మధ్యాహ్నం పొయ్యి దగ్గర నిలబడి ఉండరు.

పక్కింటి వదిన అడిగిన ప్రశ్నకి మీరింకా లోపల్లోపల జవాబు వెతుక్కుంటున్నారు, అవునా? "ఎవరికి చూపించడానికి" అన్న మాట భర్త దగ్గర లేని ఆడవాళ్లని మన ఊళ్లలో ఎంత కాలంగా కొడుతోందో నాకు తెలుసు. వలస వెళ్లిన ఇళ్లలో ఆడవాళ్లు నవ్వినా, నలుపు రంగు మాని కాస్త వెలుగున్న చీర కట్టినా ఎవరో ఒకరు అంటారు. మీ కనుబొమ్మలు మీ మొహం మీదున్నాయి. పొద్దున్నే అద్దంలో చూసుకునేది మీరు. మళ్లీ అడిగితే, "నాకు బాగుండాలనిపించింది వదినా" అని నెమ్మదిగా చెప్పి మీ పని చూసుకోండి. అంతకు మించి వివరం ఇవ్వొద్దు. వివరం ఇవ్వడం మొదలుపెడితే రోజూ ఇస్తూనే ఉండాలి.

డబ్బు సంగతి. లెక్క వేద్దాం. వారానికి రెండుసార్లు 30 రూపాయల పూలంటే నెలకి సుమారు 240. కనుబొమ్మలకి ఒక 50. మామిడిపళ్లు, ముంజలు కలిపి ఇంకో అయిదారు వందలు. అన్నీ కలిపినా వెయ్యిలోపే. రెండు లక్షలకి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకి 6,000. మీ ఇంటిని నిజంగా ఎండబెడుతున్నది ఈ 6,000. మీరు డ్వాక్రా సంఘంలో ఉంటే బ్యాంకు లింకేజీ రుణం గురించి మీ సంఘం లీడర్‌ని ఈ వారమే అడగండి. రూపాయి వడ్డీకి మార్చుకోగలిగినా నెలకి 2,000 అవుతుంది, 4,000 మిగులుతుంది. మొత్తం బాకీ ఒకేసారి మారకపోతే సగం మార్చండి. పూల ఖర్చు మాత్రం దాచి పెట్టకండి. కాగితం మీద రాసి, "ఈ వేసవికి మా సరదాలకి ఇంత" అని ఆయనకి చెప్పండి. దాచుకుని కొన్న పువ్వు ఎంత వాసనొచ్చినా మనసుకి తగలదు.

పాప విషయంలో ఆలస్యం చేయొద్దు. బడులు తెరిచేలోగా ఒక రోజు ముంజికాయలు కొట్టించండి. బొటనవేలితో ముంజె తీసి జుర్రుకోవడం మీరే చూపించండి, ముందు మీరు తినండి. ఖాళీ కాయలకి పుల్ల గుచ్చి బండి చేసివ్వండి, మీ చిన్నప్పుడు మీరూ తోలే ఉంటారు. ఒక సాయంత్రం ఎండ చల్లబడ్డాక బారువ తీరానికి తీసుకెళ్లండి. మీకు దగ్గరే కదా. అలల్లో లోపలికి వెళ్లనివ్వకుండా ఒడ్డునే కాళ్లు తడుపుకోండి. గోరింటాకు చెట్టు ఎవరి పెరట్లో ఉన్నా ఆకు దూసుకొచ్చి రుబ్బి పెట్టండి. నిమిషాల్లో నల్లగా పండుతుందని అమ్మే కోన్లు మాత్రం పిల్ల చేతికి వద్దు. వాటిల్లో జుట్టు రంగుల్లో వాడే రసాయనం కలుపుతుంటారు, చర్మం బొబ్బలెక్కుతుంది. ఎర్రగా పండిన చేతులు నాన్నకి ఫోన్‌లో చూపించమనండి.

ఆయన బాధపడతారేమో అని మీకు అనిపించొచ్చు. పడతారు. ఊరి మీద బెంగ పుడుతుంది, కళ్లు చెమర్చొచ్చు కూడా. ఆ బెంగని మీరు అడ్డుకోవద్దు, అది ఆయనకి తోడుగా ఉంటుంది. దుబాయ్‌లోనూ మామిడిపళ్లు అమ్ముతారు. సెలవు రోజున ఒక పండు తెచ్చుకోమనండి, అదే సమయానికి మీరిక్కడ ఒకటి కోయండి. ఫోన్ పెట్టుకుని నలుగురూ కబుర్లాడుకుంటూ తినండి. అత్తగారికి డాక్టరు ఒప్పుకుంటే ఒక చిన్న ముక్క.

ఇవన్నీ మొదలుపెట్టి రెండు వారాలైనా ఏదీ రుచించకపోతే, నిద్ర పట్టక ఊరికే ఏడుపొస్తుంటే, బతకడం దండగ అనిపిస్తే మాత్రం మీలో మీరు మోయకండి. టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

ఈ వారం సంతకి వెళ్లినప్పుడు మూడు మూరలు కొనండి. ఒకటి పాప జడలో, ఒకటి మీ జడలో. ఇంటికి రాగానే లైటు వేసి ఆయనకి ఫోన్ చేయండి. మూడోది అత్తగారి చేతిలో పెట్టండి. ఏమీ అనొద్దు. ఆవిడ తలలో పెట్టుకుంటే సరే, దేవుడి పటానికి వేస్తే సరే, తీసి పక్కన పెడితే రాత్రి ఆవిడ తలగడ పక్కన ఒక గిన్నెలో ఉంచండి.