రెండో కాన్పు తర్వాత మూత్రం లీక్ అవుతోంది, నెలసరికి కప్ వాడొచ్చా?

అడిగినావిడ రాసిన దాని సారాంశం ఇది. రెండో కాన్పయ్యాక తుమ్మినా దగ్గినా మూత్రం పడుతోంది. మూత్రాశయం కొంచెం కిందికి జారిందని డాక్టర్ చెప్పారు. నెలసరి రోజుల్లో ప్యాడ్ గంటకే తడిసిపోతోంది, అందరూ మెచ్చుకుంటున్న కప్‌కి (యోనిలో పెట్టుకుంటే రక్తాన్ని పట్టే మెత్తటి గిన్నెలాంటిది) మారితే బాగుంటుందా అని ప్రశ్న. నాదీ ఇదే సమస్య. ఉద్యోగం గవర్నమెంటు హైస్కూల్లో టీచరు, అంటే రోజంతా నిలబడే పని.

నా జవాబు ముందే చెప్పేస్తాను. మీలాంటివాళ్ళు, నాలాంటివాళ్ళు నెలసరికి ఏం కొనాలన్నా ముందు మూత్రం సంగతి చూసుకోవాలి, రక్తం సంగతి ఆ తర్వాత. గంటకే ప్యాడ్ నిండిందంటే అది బ్లీడింగ్ వల్లే అనుకోకండి, చాలాసార్లు అందులో సగం మూత్రమే. మామూలు నెలసరి ప్యాడ్ కొంచెం కొంచెంగా దిగే చిక్కటి రక్తం కోసం చేసింది. మూత్రం పల్చగా ఉంటుంది, ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ప్యాడ్ పీల్చుకునేలోపే పక్కలనుంచి కారిపోతుంది. మనమేమో ఎక్స్‌ఎల్ అయిపోయాక డబుల్ ఎక్స్‌ఎల్ కొంటాం. పొడవు పెరుగుతుంది గానీ పీల్చుకునే వేగం మాత్రం రాదు. పైగా తడిసిన ప్లాస్టిక్ ఒరుసుకుని గజ్జల్లో చర్మం లేచిపోతుంది.

మూత్రం లీకేజీకి విడిగా ప్యాడ్‌లు ఉన్నాయి. తడిని జెల్‌గా మార్చేసే పొడి వాటిలో ఎక్కువ ఉంటుంది, వాసనని కూడా చాలావరకు అదుపు చేస్తాయి. నెలసరి రోజుల్లో కూడా నేను వేసుకునేవి అవే. రక్తం కాసేపు పైనే నిలిచినట్టు కనబడుతుంది, అయినా చీరకి అంటదు. బ్లీడింగ్ తక్కువున్న చివరి రోజుల్లో పీరియడ్ ప్యాంటీ (రక్తాన్ని పీల్చుకునే లోదుస్తు) మీద సన్నటి లీక్ ప్యాడ్ చాలు. వానాకాలంలో ఆ ప్యాంటీలు ఒక పట్టాన ఆరవు, అది ఒక్కటే ఇబ్బంది.

కానీ ఈ లీక్ ప్యాడ్‌లు మన ఊళ్ళలో అడిగి కొనడమే కష్టం. మెడికల్ షాపులో అడిగితే మంచాన పడ్డ పెద్దవాళ్ళ డయాపర్ తీసి చేతిలో పెడతాడు. నలభై దాటని ఆడవాళ్ళకి కూడా ఈ అవసరం ఉంటుందని ఎవరికీ తట్టదు. ప్రభుత్వాలూ అంతే. శానిటరీ నాప్‌కిన్ల మీద జీఎస్టీ 2018 జులైలో తీసేశారు, చాలా మంచి పని. పెద్దవాళ్ళ డయాపర్ల మీద మాత్రం 12 శాతం అలాగే ఉంచి 2025 సెప్టెంబరులో 5కి తగ్గించారు. రక్తానికి లేని పన్ను మూత్రానికి ఎందుకు? 2021లో స్వేచ్ఛ పథకం వచ్చినప్పుడు మా స్కూల్లో ఆడపిల్లలకి నెలకి 10 ప్యాడ్‌లు నా చేతులతో పంచాను. ఆ పిల్లల తల్లుల లీకేజీ గురించి మాట్లాడే పథకం ఇంకా రావాలి.

ఇక కప్ సంగతి. మా స్టాఫ్‌రూమ్‌లో ఒక చిన్న టీచరమ్మ కప్ వాడుతుంది, అది పెట్టుకుని కబడ్డీ కూడా ఆడిస్తుంది. తన మాట మీద నేనూ తెప్పించుకున్నాను. ఇంట్లో ఉన్న రోజుల్లో బాగానే ఉంది. 2024 మే 13న పోలింగ్ డ్యూటీ పడింది. ఓటర్ల వేలికి సిరా పెట్టి రిజిస్టరులో సంతకం తీసుకునే సీటు నాది. ముందురోజు సాయంత్రమే సామాన్లతో ఆ ఊరి బడికి చేరాం, రాత్రి బెంచీల మీద పడుకున్నాం. తెల్లవారుజామున ఐదున్నరకి మాక్ పోల్ (నమూనా పోలింగ్), ఏడింటికల్లా బయట క్యూ. నెలసరి రెండో రోజు. కప్ ఉంది కదా అన్న ధైర్యంతో ప్యాడ్ పెట్టుకోలేదు.

ఎనిమిదిన్నర నుంచి మూత్రం వస్తున్నట్టే ఉంది. పక్క సీటు సారుకి చెప్పి వెళితే నాలుగు చుక్కలు. వచ్చి కూర్చోగానే మళ్ళీ అదే ఒత్తిడి. ఆ బాత్రూమ్‌కి గడియ లేదు, కుళాయిలో నీళ్ళు లేవు, వెళ్ళిన ప్రతిసారీ బకెట్ పట్టుకుని బోరింగు దగ్గరికి నడవాలి. క్యూలో వాళ్ళు నన్నే చూస్తున్నారు. పొట్ట కింద రాయి పెట్టినట్టు బరువు. పది దాటాక ఒక ముసలాయన వేలు పట్టుకుని సిరా పెడుతుంటే దగ్గు తెర వచ్చింది. కుర్చీ దాకా తడిసిపోయింది. లేవలేను, కూర్చోలేను, సీసా మూత పెట్టడానికి కూడా చెయ్యి కదల్లేదు.

ఓటరు స్లిప్పులు చూస్తూ గుమ్మం దగ్గరున్న అంగన్‌వాడీ టీచరు నా మొహం చూసి దగ్గరికొచ్చింది. “మేడమ్, మా ఇల్లు ఎదురుగానే, రండి” అంది, ఇంకేమీ అడగలేదు. తన తువ్వాలు నా నడుముకి చుట్టి తీసుకెళ్ళింది. వాళ్ళింట్లో కప్ తీసిన మరుక్షణం మూత్రం ధారగా వచ్చింది. పొద్దుటినుంచి లోపల ఆగిపోయినదంతా అప్పుడే దిగింది. ఆవిడ తన లంగా, చీర ఇచ్చింది, ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చింది. ఆ చీరతోనే రాత్రి దాకా పోలింగ్ నడిపాను. ఆవిడ రుణం తీరేది కాదు.

తర్వాత డాక్టర్ చూసి అసలు విషయం చెప్పారు. మూత్రనాళం, మూత్రాశయం యోని ముందు గోడకి ఆనుకునే ఉంటాయి. ఆ గోడ కిందికి జారితే దాన్ని సిస్టోసీల్ అంటారు. కప్ లోపల విచ్చుకుని గోడల్ని బయటికి నెడుతుంది. గట్టి కప్ అయితే మూత్రనాళం మీద ఒత్తిడి పడి మూత్రం పూర్తిగా దిగదు. నిండిన మూత్రాశయం దగ్గగానే పొంగుతుంది. కప్ రక్తాన్ని పట్టుకుంటుంది, మూత్రాన్ని కాదు. రెంటి దారీ వేరు.

కప్ చెడ్డదని నేను అనను. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన సమీక్ష ప్రకారం రక్తం లీక్ విషయంలో అది ప్యాడ్‌లకేమీ తీసిపోదు. కానీ సమస్య ఉన్నవాళ్ళు దాన్ని తీసే పద్ధతి తెలుసుకోవాలి. ముక్కి బయటికి నెట్టకూడదు, కాడ పట్టుకుని లాగకూడదు. అడుగుభాగం నొక్కి, లోపలి పట్టు వదిలించాకే మెల్లగా తీయాలి. కాడ పట్టి లాగడం వల్ల లోపలి భాగాలు జారే ప్రమాదం గురించి డబ్బాల మీద హెచ్చరిక ఉండాలని 2020లో బ్రిటన్‌లో ఫిజియోథెరపిస్టుల సంఘం కోరింది. మన దగ్గర ఈ మాట చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు. మీరు తప్పకుండా ప్రయత్నించాలనుకుంటే మెత్తటి రకం, పొట్టిది తీసుకుని, సెలవురోజు ఇంట్లో చూడండి, లీక్ ప్యాడ్ తోడుగా ఉండాలి. మూత్రం ధార సన్నబడితే వెంటనే తీసేయండి. లోపలి భాగాలు జారకుండా యోనిలో ఆసరాగా రింగ్ పెస్సరీ అనే రింగు పెట్టించుకున్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా కప్ జోలికి వెళ్ళొద్దు. టాంపాన్ (రక్తం పీల్చడానికి యోనిలో పెట్టుకునే దూది చుట్ట) కొంతమందికి మూత్రనాళం కింద ఆసరాగా పనికొస్తుంది, నాకైతే నడుస్తుంటే జారిపోయేది.

ఇంకో సలహా మీకూ ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు. “గర్భసంచి తీయించేసుకో, పీడ పోతుంది” అని. మా పెద్దత్తయ్య నుంచి పక్కింటి ఆవిడ దాకా నాకు చెప్పనివాళ్ళు లేరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువగా కనబడేది ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలోనే. గర్భసంచి తీస్తే నెలసరి ఆగుతుంది, జారిన మూత్రాశయం దానంతటది పైకి వెళ్ళదు. లీక్ కోసమే ఆ ఆపరేషన్ అంటే ఒప్పుకోకండి, ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

నాకు మేలు చేసింది పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ, అంటే మూత్రాశయాన్ని, గర్భసంచిని కిందనుంచి మోసే కండరాలకి చేయించే చికిత్స. యూట్యూబ్‌లో ప్రతివాళ్ళూ ఆ కండరాల్ని బిగించి వదిలే కెగెల్ వ్యాయామం చేయమంటారు. 1948లో అమెరికాలో డాక్టర్ ఆర్నాల్డ్ కెగెల్ చెప్పిన ఆ వ్యాయామం బలహీనపడ్డ కండరాలకి పనికొస్తుంది. కొందరికి ఆ కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి, మూత్రం మొదలవడానికే కష్టమవుతుంది, టాంపాన్ పెట్టినా నొప్పే. వాళ్ళు ఇంకా బిగిస్తే బాధ పెరుగుతుంది. అందుకే చూపించుకుని మొదలుపెట్టండి. మలబద్ధకం లేకుండా చూసుకోండి, ముక్కినకొద్దీ కింద భారం పెరుగుతుంది. నీళ్ళు మానేయకండి. మా టీచర్లలో చాలామంది బడి బాత్రూములకి భయపడి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగరు. మూత్రం చిక్కబడితే మూత్రాశయం ఇంకా మండుతుంది.

కప్ ఉన్నా లేకపోయినా ఒకటి గుర్తుంచుకోండి. మూత్రం అసలే రాకపోయినా, నడుము పక్కన నొప్పితో చలిజ్వరం వచ్చినా, ఏదో గడ్డలాంటిది బయటికొచ్చి లోపలికి వెళ్ళకపోయినా నెలసరి అయ్యాక చూద్దాంలే అని ఆగొద్దు. అదే రోజు హాస్పిటల్‌కి వెళ్ళండి. బ్లీడింగ్ ఉన్నా పరీక్ష చేస్తారు.