జీను మీద నుంచి రాయబోయే అమ్మాయికి

అమ్మా,

నీ ఉత్తరం అందింది. జూలైలో నమీబియా వెళ్తున్నావని, ఫిష్ రివర్ కెన్యాన్ అనే పెద్ద లోయలో తొమ్మిది రోజులు గుర్రం మీద తిరుగుతావని చదివి చాలా సంతోషించాను. "దీని మీద పెద్ద వ్యాసం రాయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు" అన్నావు. నేను ఆ దారిన రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి వెళ్ళొచ్చి రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ ఎవరికీ చూపించను. అది ఎందుకు చెడిందో చెబితే నీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

ఆ వ్యాసంలో గుర్రం లేదు. మొదటి పేరాలో ఎక్కాను, ఆఖరి పేరాలో దిగాను. మధ్యలో అంతా లోయ, ఆకాశం, నిశ్శబ్దం. జీపులో వెళ్ళినవాళ్ళు రాసినా అలాగే ఉంటుంది. రోజుకు ఆరేడు గంటలు ఒక ప్రాణి వీపు మీద కూర్చుని, దాని కాళ్ళతో నడిచి, దాని సంగతే మర్చిపోయాను. నువ్వు ఆ తప్పు చెయ్యకూడదనే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా దాని చెవులు చూడు. జీను మీద కూర్చుంటే అన్నిటికంటే దగ్గరగా కనిపించేవి అవే. గుర్రానికి ముక్కు ముందు కొంచెం జాగా, తోక వెనక కొంచెం జాగా తప్ప చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. రెండు చెవులూ వేటికవే తిరుగుతాయి. ఒకటి నీ మాట వింటుంటే ఇంకొకటి కొండ వైపు వింటుంది. రెండోసారి వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం నా గుర్రం ఉన్నట్టుండి ఆగింది. రెండు చెవులూ ఎదురుగా ఉన్న గుట్ట మీదికి నిక్కబొడుచుకున్నాయి. నాకు రాళ్ళే కనిపించాయి. మడమతో చిన్నగా తట్టినా కదల్లేదు. చాలాసేపటికి ఆ రాళ్ళలో ఒకటి మెడ తిప్పింది. చారలు కనిపించాయి. హార్ట్‌మన్ కొండ జీబ్రాలు, ఐదు. ఎండిన ఏటి ఇసుకను డెక్కలతో తవ్వి నీళ్ళు తాగే జంతువులు అవి. వాటిని చూసింది నా గుర్రం. నేను దాని చెవులు చూశాను, అంతే. రాసేటప్పుడు కూడా ఆ వరసలోనే రాశాను. ముందు చెవులు, తర్వాత రాళ్ళు, ఆ తర్వాత చారలు. "దారిలో జీబ్రాలు కనిపించాయి" అని రాసి ఉంటే పాఠకుడికి ఏం మిగిలేది?

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. మొదటి ప్రయాణంలో మూడో రోజు పొద్దున చలిగా ఉంది, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. తొందరలో జీను కింద వేసే దుప్పటిలో ఒక మడత పడింది. చూశాను కూడా. పర్వాలేదులే అనుకుని జీను పట్టీ బిగించేశాను. మధ్యాహ్నం జీను దించినప్పుడు గుర్రాలు చూసుకునే ఆయన దాని వీపు మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు. ఏమీ అనలేదు. నా చెయ్యి పట్టుకుని అదే చోట పెట్టాడు. వీపంతా చెమటతో తడిసి చల్లగా ఉంది. ఆ ఒక్క చోట మాత్రం చిక్కుడు గింజంత వాపు, దాని మీద వెంట్రుకలు ఊడిపోయి, కాలుతోంది. నేను వేలితో తాకగానే చర్మం కింద ఒక వణుకు భుజం దాకా పాకింది. ఆ తర్వాత రెండు రోజులు అది ఖాళీ వీపుతో నడిచింది. అదనంగా తెచ్చిన ఇంకో గుర్రం మీద నేను కూర్చున్నాను. వెనక నుంచి దాని అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

సిగ్గుపడి ఈ సంగతి వ్యాసంలో రాయలేదు. ఆ ప్రయాణంలో నాకు నిజంగా జరిగింది అదొక్కటే. దాన్ని వదిలేసి సూర్యాస్తమయాల గురించి రాశాను. నీకు అక్కడ ఏం జరుగుతుందో నాకు తెలియదు. దాచుకోవాలనిపించేది ఏదైనా జరిగితే మాత్రం ఆ రాత్రే నోటుబుక్కులో రాసుకో. అచ్చుకి ఇవ్వాలా వద్దా అన్నది తర్వాత ఆలోచించవచ్చు.

లోయ కొలతల గురించి అడిగావు. పొడవు సుమారు 160 కిలోమీటర్లు, వెడల్పు కొన్నిచోట్ల 27 కిలోమీటర్లు, లోతు దాదాపు 550 మీటర్లు. ఈ అంకెలు రాయి, కానీ ఒకే వాక్యంలో పోగు పెట్టకు. 550 మీటర్లంటే ఏమిటో దిగేటప్పుడు నీ మోకాళ్ళే చెబుతాయి. నిటారుగా ఉన్నచోట ఎవరూ గుర్రం మీద కూర్చోరు. పట్టీ ఎలా ఉందో చూసుకుని, పగ్గాలు వదులుగా పట్టుకుని, దాన్ని నడిపించుకుంటూ దిగాలి. దాని ఊపిరి నీ భుజానికి వెచ్చగా తగులుతూ ఉంటుంది. రాయి మీద నాడా జారినప్పుడు కర్రుమంటుంది, ఆ చప్పుడుకి కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టు అవుతుంది. మాకు దిగడానికి రెండున్నర గంటలు పట్టింది. 550 అన్న అంకెను అక్కడ పెట్టు, పాఠకుడికి అందుతుంది.

"ప్రపంచంలో రెండో పెద్ద కెన్యాన్" అన్న మాట నీకు చాలాచోట్ల కనిపిస్తుంది. వాడకు. పొడవుని బట్టా, లోతుని బట్టా అన్నదాన్ని బట్టి ఆ లెక్క మారిపోతుంది. ర్యాంకు చెబితే పెద్దదనం తెలియదు కూడా.

రాళ్ళ గురించి మాత్రం కాస్త చదువుకుని వెళ్ళు. లోయ అడుగున ఉన్న రాయి వయసు వంద కోట్ల ఏళ్ళకు పైమాటే. పై అంచున పలకలు పేర్చినట్టు కనిపించే పొరలు సుమారు 55 కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పేరుకున్నవి. ఏరు ఒక్కటే ఈ లోయను తవ్వలేదు. ముందు నేల పగిలి మధ్యభాగం కుంగింది, ఆ కుంగిన దారిలో ఏరు పారుతూ ఇంకా లోతుకి కోసింది. ఇది తెలిసి ఉంటే దిగేటప్పుడు నీ కళ్ళు వేరేగా చూస్తాయి. గోడల్లో అడ్డంగా, నిలువుగా నల్లటి చారలు కనిపిస్తాయి. అవి పగుళ్ళలోకి కరిగి ఎగదన్నిన రాయి. ఎప్పుడో చల్లారి గట్టిపడింది. ఈ లోయ ఎలా పుట్టిందో అక్కడివాళ్ళకు ఒక పాత కథ కూడా ఉంది. వేటగాళ్ళు తరుముతుంటే ఒక మహాసర్పం మెలికలు తిరుగుతూ పారిపోయిందట, దాని ఒళ్ళు ఒరుసుకున్న దారే ఈ లోయ అయిందట. పైనుంచి ఏటి వంపులు చూసినప్పుడు ఆ కథ ఎందుకు పుట్టిందో నీకే అర్థమవుతుంది. రెండిటినీ వ్యాసంలో పెట్టు. ఒకదాన్ని పైకెత్తి ఇంకొకదాన్ని తక్కువ చెయ్యకు.

ఒక్క విషయంలో నేను గట్టిగా చెప్తాను. "మనుషులు లేని నేల", "ఎవరిదీ కాని నేల" లాంటి మాటలు నీ వ్యాసంలో కనిపించకూడదు. ఆ దక్షిణ నమీబియా నామా ప్రజల నేల. వాళ్ళు గొప్ప రౌతులు. వాళ్ళ నాయకుడు హెండ్రిక్ విట్‌బోయ్ గుర్రపు దళాలతో జర్మన్ సైన్యాన్ని రెండు విడతలుగా ఎదిరించాడు. 1905 అక్టోబరులో యుద్ధంలోనే గాయపడి చనిపోయాడు. ఆయన ఉత్తరాలు రాసేవాడు. సాటి నాయకులకు, జర్మన్ అధికారులకు రాసిన ఆ ఉత్తరాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. 1904 నుంచి 1908 దాకా హెరెరో, నామా ప్రజలను జర్మన్ పాలకులు వేల సంఖ్యలో చంపారు. అది జాతి నిర్మూలనే అని జర్మనీ ప్రభుత్వం 2021లో ఒప్పుకుంది. అక్కడ నువ్వు టీకి డబ్బులిచ్చేటప్పుడు యాభై, వంద నమీబియన్ డాలర్ల నోట్లలో ఒకటి చూడు, టోపీ పెట్టుకున్న విట్‌బోయ్ ముఖం దాని మీద ఉంటుంది. కొన్ని గంటల పాటు మనిషి కనిపించకపోతే అది ఖాళీ నేల అయిపోదమ్మా. ఎందుకు కనిపించడం లేదో అడగడం రాసేవాళ్ళ పని.

నీతో వచ్చే గైడ్లలో, గుర్రాలు చూసుకునేవాళ్ళలో నామా భాష మాట్లాడేవాళ్ళు ఉంటే ఊళ్ళ పేర్లు వాళ్ళ నోట విను. లోయ దక్షిణపు కొసన వేడినీటి ఊటలున్న చోటుని మ్యాపులో చూసి మనం "ఐ-ఐస్" అంటాం. వాళ్ళు అన్నప్పుడు ఒక్కో ముక్కకి ముందు నాలుక పళ్ళకు తగిలి ఒక చప్పుడు వస్తుంది. మనం జాలిపడి "ప్చ్" అంటామే, దాదాపు అదే. మనకు అది నిట్టూర్పు, వాళ్ళకు హల్లు. మన లిపిలో దానికి అక్షరం లేదు. ఆ సంగతే ఒక వాక్యంలో చెప్పు, చదివేవాళ్ళు పైకి పలికి చూసుకుంటారు.

వ్యాసాన్ని నడక వేగంలో రాయి. గుర్రం నడిస్తే గంటకు ఆరేడు కిలోమీటర్లు. పొద్దున కనిపించిన గుట్ట మధ్యాహ్నానికి కూడా ఎదురుగానే ఉంటుంది. రెండో రోజు అది విసుగు. ఐదో రోజుకి ఆ గుట్ట పక్కన ఉన్న ఒక్కొక్క చెట్టునీ గుర్తుపడతావు. కొకర్‌బూమ్ అని ఒక కలబంద జాతి చెట్టు ఉంటుంది, ఇంటి కప్పంత ఎత్తు పెరుగుతుంది. అక్కడి సాన్ జాతి వేటగాళ్ళు దాని కొమ్మలు తొలిచి అమ్ములపొదులు చేసుకునేవాళ్ళు. కారులో పోతే ఆ చెట్టు ఒక ఫొటో. గుర్రం మీద పోతే అరగంట సేపు నీ వైపు నడిచొస్తుంది. పైన మైదానంలో దౌడు తీసే రోజులూ ఉంటాయి, వాటి గురించి అందరూ రాస్తారు, నీకు నేను చెప్పక్కర్లేదు. బొరియలుంటాయి, గైడు దారి వదలకు.

రాత్రుల గురించి ఒక్క మాట. జూలై అక్కడ చలికాలం. పగలు హాయిగా ఉంటుంది, రాత్రి నీళ్ళు గడ్డకట్టేంత చలి పడవచ్చు. ఎండాకాలంలో లోయ అడుగున 40 డిగ్రీలు దాటుతుంది. అందుకే లోయలో కాలినడక దారిని మే నుంచి సెప్టెంబరు మధ్య దాకానే తెరుస్తారు. ఆరుబయట పడుకున్నప్పుడు తొమ్మిది గంటల వేళ నెత్తి మీదికి చూడు. మనకు దక్షిణాన కిందుగా కనిపించే వృశ్చికం అక్కడ నడినెత్తికి వస్తుంది. ఎర్రగా మెరిసే జ్యేష్ఠ నక్షత్రం దాదాపు సరిగ్గా నీ నుదుటి మీద ఉంటుంది. "కోటి నక్షత్రాలు" అని రాసేకంటే ఆ ఒక్క నక్షత్రం చోటు మారిందని రాస్తే నువ్వు ఎంత దూరం వచ్చావో తెలుస్తుంది. అలా చూస్తూ, తాడుకి కట్టిన గుర్రాలు గడ్డి నములుతున్న చప్పుడు విను. అవి చాలాసేపు నిలబడే కునుకు తీస్తాయి. అర్ధరాత్రి ఆ నమలడం ఒక్కసారిగా ఆగిపోతే నీకు మెలకువ వస్తుంది, చూడు.

వీలుంటే పడమటి వైపు గరుబ్ అనే చోటు దగ్గర నమీబ్ అడవి గుర్రాలను చూసి రా. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో దక్షిణాఫ్రికా సైన్యం అక్కడ విడిది చేసింది. అప్పుడు చెదిరిపోయిన గుర్రాల సంతానమే ఇవి అంటారు. దగ్గర్లోని ఒక జర్మన్ ఆసామి పెంచిన మంద నుంచి వచ్చాయని ఇంకొందరంటారు. వాటిని చూస్తూ ఒక కథ ఎంచుకోవాలనిపిస్తుంది. ఎంచుకోకు. ఎడారిలో అవి తాగే నీళ్ళు ఎక్కడివో అడుగు. ఒకప్పుడు రైలు ఇంజన్ల కోసం తవ్విన బోరుబావి నుంచి వచ్చాయి ఆ నీళ్ళు. నాకైతే వాటి పుట్టుక కంటే అదే పెద్ద కథ.

ఇక వెళ్ళేలోపు చెయ్యాల్సినవి. ఇప్పటి నుంచే వారానికి రెండు మూడుసార్లు స్వారీ చెయ్యి. తొడలు నొప్పి పెడుతుంటే ధ్యాసంతా వాటి మీదే ఉంటుంది, చెవులు చూడవు, రాళ్ళు చూడవు. బరువు అడిగితే నిజం చెప్పు, దాన్నిబట్టే నీకు గుర్రాన్ని ఇస్తారు. అక్కడ జెముడు జాతి మొక్కలు కొన్నిటికి పాలు కారుతాయి. ఆ పాలు కంట్లో పడినా, ఎండిన పుల్లలు మంటలో వేసి ఆ పొగ పీల్చినా ప్రమాదం, చెప్పనిదే కట్టెలు ఏరకు. చొక్కా జేబులో పట్టేంత చిన్న నోటుబుక్కు, రెండు పెన్సిళ్ళు పెట్టుకో. జీను మీద రాయడానికి ప్రయత్నించకు, రెండు చేతులూ గుర్రానివి. గుర్రాలకు నీళ్ళు పట్టే వేళ ఐదు నిమిషాలు దొరుకుతాయి. అప్పుడు మాటలే రాసుకో, వాక్యాలు వద్దు. ఎండలో పనిచేసిన గుర్రం రోజుకి నలభై లీటర్లు తాగడం మామూలే, అంచేత ఆ ఐదు నిమిషాలు పదవుతాయి కూడా.

ఆఖరి రోజు జీను దించగానే నీ గుర్రం ఇసుకలో పడి పొర్లుతుంది. నాలుగు కాళ్ళూ పైకెత్తి, ఒక పక్క, మళ్ళీ ఇంకో పక్క. లేచి ఒళ్ళు దులుపుకున్నాక బ్రష్ ఎవరికీ ఇవ్వకుండా నువ్వే దాని వీపు తుడువు, అరచెయ్యి పెట్టి ప్రతి చోటా చూడు. ఆ రాత్రి నోటుబుక్కులో రాసుకున్న పేజీలు దిద్దకుండా నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు