సెలవు మీద వచ్చిన జవానుకు బైకు శిక్షణ అవసరమా?

అమెరికాలో సైనికుడు సొంత బైకు నడపాలన్నా శిక్షణ తప్పనిసరి అని చదివారని, సెలవులో వచ్చి బుల్లెట్ కొంటానంటున్న మీ తమ్ముడికీ అది అవసరమా అని అడిగారు. ముమ్మాటికీ అవసరం. సైన్యంలోని సిగ్నల్స్ విభాగంలో డిస్పాచ్ రైడర్‌గా, అంటే సందేశాలు చేరవేస్తూ, మోటారు సైకిల్ మీదే ఉద్యోగం చేసి, ఇప్పుడు పరకాల దగ్గర ఉంటున్న మనిషిగా ఈ మాట చెబుతున్నాను.

అక్కడి నియమం ప్రకారం డ్యూటీలో ఉన్నా లేకపోయినా, స్థావరం లోపలైనా బయటైనా, బైకు నడిపే ప్రతి సైనికుడూ ప్రాథమిక శిక్షణ పూర్తి చేయాలి. అందుకు రుసుము తీసుకోరు, సెలవులో కోతా పెట్టరు. 2008లో లెక్క తీస్తే, ఏడాది కాలంలో ఇరాక్ పోరులో 20 మంది మెరీన్లు (అమెరికా సాయుధ దళాల్లో ఒక విభాగపు సైనికులు) మరణించగా బైకు ప్రమాదాల్లో 25 మంది పోయారు, వారిలో ఒక్కరు తప్ప అందరూ స్పోర్ట్స్ బైకుల మీద వెళ్లినవారే. అందుకే ఆ బండ్లకు విడిగా మరో కోర్సు పెట్టారు.

మన దగ్గర సెలవు మీద పంపేటప్పుడు జాగ్రత్తలు చెబుతారు కానీ, నేను పనిచేసిన యూనిట్లలో బండి నడిపించి చూసి పంపడం ఎన్నడూ చూడలేదు. నెలల తరబడి బైకు ముట్టనివాడు ఊరికి రాగానే బండి తీస్తాడు. వేగం కంటే ఈ విరామమే ఎక్కువ ప్రాణాలు తీస్తోందని నా గట్టి నమ్మకం.

మా మేనల్లుడు సైన్యంలో కొండ దారుల్లో లారీలు నడుపుతాడు. యాసంగి కోతలప్పుడు సెలవు మీద వస్తే, వాడిని బడి మైదానానికి తీసుకువెళ్లి, నేల మీద సున్నంతో గీత గీసి, నలభై వేగంతో వచ్చి గీత దగ్గర బ్రేకు వేయమన్నాను. కాలి బ్రేకు మాత్రమే తొక్కాడు. వెనుక చక్రం బిగుసుకుపోయి, బండి పక్కకు జారుతూ కబడ్డీ కోర్టు దాకా పోయి ఆగింది. కుడిచేతి వేళ్లు బ్రేకు వైపు కదలనేలేదు. అడిగితే "ముందు బ్రేకు పడితే బోల్తా కొడ్తం గద మామా" అన్నాడు. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుందని, కాబట్టి బండిని ప్రధానంగా ఆపేది అదేనని, దానిని ఒక్కసారిగా గుంజకుండా నిమ్మకాయ పిండినట్టు క్రమంగా పట్టాలని చెప్పి, చీకటి పడేదాకా చేయించాను. లైసెన్సు పరీక్షలో ఎనిమిది ఆకారంలో మెల్లగా తిరిగి రమ్మంటారు తప్ప, అకస్మాత్తుగా ఆగడం వచ్చా అని ఎవరూ చూడరు, అదేం పరీక్షో నాకు అర్థం కాదు.

మా రోడ్ల మీద కోతల కాలంలో సగం మేర వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి, రాత్రి నల్ల టార్పాలిన్ కప్పుతారు. కల్లం లేని రైతును తప్పుపట్టలేం కానీ, వడ్లు ఎత్తాక ఆ రాళ్లను కూడా తీయవచ్చు కదా! గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. వడ్ల మీదికి ఎక్కాక ముందు బ్రేకు గట్టిగా పడితే చక్రం జారిపోతుంది. ఆపవలసింది తారు మీద ఉండగానే.

ఇక హెల్మెట్ సంగతి. కంటోన్మెంట్ గేటు దగ్గర అది లేనిదే కదలనివ్వరు. అదే జవాను కాజీపేటలో రైలు దిగాక దానిని ట్యాంకు మీద పెట్టుకొని తిరుగుతాడు. హెల్మెట్ తప్పనిసరి చేసే మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ జవానుకు మినహాయింపు ఇవ్వలేదు.

కాబట్టి మీ తమ్ముడు వచ్చిన తెల్లారే ఖాళీ మైదానంలో ఈ బ్రేకు సాధన చేయించండి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నింటికీ ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి కనుక బుల్లెట్‌కు అది ఉంటుంది, అయితే అది ఇంటికి వచ్చేదాకా ఆయన నడిపేది మీ ఇంట్లోని పాత బండినే, దానికి ఏబీఎస్ ఉండకపోవచ్చు.