వ్యసనం గురించి చదివితే మానుకోవడానికి నిజంగా పనికొస్తుందా?

పనికొస్తుంది, ఒంట్లో, మనసులో ఏం జరగబోతోందో ముందే తెలిసినవాళ్లు అది వచ్చినప్పుడు బెదిరిపోరు. మానేసిన మనిషిని తరచూ పడగొట్టేది "ఈ తపన ఇక తగ్గదు" అన్న భయం. నిజానికి తాగాలన్న కోరిక పెరుగుతూనే పోదు, చాలాసార్లు అరగంటలోపే దానంతటదే దిగిపోతుంది. ఈ సంగతి తెలిస్తే ఆ అరగంట గడిపితే చాలు: ఉన్న చోటు మారడం, నీళ్లు తాగడం, నమ్మకమైన మనిషికి ఫోన్ చేయడం.

ఉదాహరణకు, మద్యం మానేసి మూడు వారాలైనా నిద్ర సరిగా పట్టదు, ఊరికే చిరాకు. తెలియనివాళ్లు "మందు లేకపోతే నా బతుకింతే" అనుకుని మళ్లీ మొదలుపెడతారు. మెదడు సర్దుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుందని చదివినవాళ్లు ఓపిక పడతారు. చదువుతూ తమను తాగుడు వైపు లాగే సందర్భాలను (గొడవ, ఒంటరితనం, చేతిలో డబ్బు పడ్డ రోజు) రాసుకుంటే ఇంకా మేలు.

చదివితే చాలు, చికిత్స అక్కర్లేదనుకోవడం పొరపాటు, ప్రమాదం కూడా. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలోనే మానాలి. మత్తు అనుభవాన్ని ఊరించేలా వర్ణించే రాతలు మాత్రం కోరికను రేపుతాయి, మొదటి నెలల్లో వాటి జోలికి పోవద్దు.