రైడ్ రెండు నిమిషాలు, లైన్ గంటన్నర

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రోలర్ కోస్టర్ల గురించే ఉన్నాయి, అందుకే పేజీ మొత్తం వాటికే ఇచ్చేశాం.

ప్రశ్న: సెలవుల్లో ఫ్యామిలీతో పార్కుకి వెళ్ళామండీ. రెండు నిమిషాల కోస్టర్ కోసం గంటన్నర లైన్లో నిలబెట్టారు, పిల్లలకి కాళ్ళు పీక్కుపోయాయి. పక్కన షెడ్డులో ఇంకో ట్రైన్ ఖాళీగా పడుంది, కళ్ళారా చూశాను. అది కూడా తిప్పొచ్చు కదా?

జవాబు: మీ కోపంలో న్యాయం ఉందండీ. లెక్క వేసి చూపిస్తా. ట్రైన్‌కి 24 సీట్లు అనుకోండి, రైడ్ 2 నిమిషాలు, దిగేవాళ్ళు దిగి ఎక్కేవాళ్ళు ఎక్కి బెల్టులు చూసేసరికి ఇంకో నిమిషంన్నర, అంటే ఒక్క ట్రైనే తిరుగుతుంటే మూడున్నర నిమిషాలకో ట్రిప్పు, గంటకి 17 ట్రిప్పులు, ఎక్కేది 410 మంది దాకా. మీ ముందు 600 మంది ఉంటే గంటన్నర అక్కడే సరిపోయింది. రెండో ట్రైన్ పెడితే గంటకి 800 పైచిలుకు ఎక్కుతారు, మీ టైమ్ సగానికి పడిపోతుంది.

మరి మూడోది కూడా పెడితే? ఇక్కడే అసలు సంగతి ఉంది. ప్లాట్‌ఫామ్ మీద ఒక్కో ట్రైన్‌కి నిమిషంన్నర పడుతున్నంత కాలం ఎన్ని ట్రైన్లు తెచ్చినా గంటకి 40 కంటే ఎక్కువ పంపలేరు, 960 మంది, అంతే. మిగిలిన ట్రైన్లు స్టేషన్ బయట బ్రేకుల మీద ఒకదాని వెనక ఒకటి ఆగిపోతాయి, ఆపరేటర్లు దీన్నే స్టాకింగ్ అంటారు. అదే మూడు ట్రైన్లతో ప్లాట్‌ఫామ్ పని నిమిషంలో ముగించగలిగితే గంటకి 1440 మంది! ఆ అరనిమిషంలోనే ఉంది మీ లైన్ అంతా.

మరి ఆ అరనిమిషం ఎక్కడ పోతోందో ఈసారి వెళ్ళినప్పుడు కాస్త గమనించండి. ఒకాయన బ్యాగ్ ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటాడు, నలుగురు ఫ్రెండ్స్ ఎవరి పక్కన ఎవరో తేల్చుకోరు, బెల్టు మీద కూర్చుని బెల్టు కనపడట్లేదు అంటారు, జేబులో ఫోన్ ఉండిపోతుంది, ఇంతలో స్టాఫ్ ఒక్కో వరుస దగ్గరికీ వచ్చి బెల్టు లాగి, బార్ కిందికి నొక్కి మళ్ళీ పైకి గుంజి చూసి, చెయ్యెత్తి సైగ చేసి, చాలా రైడ్లలో ఇద్దరు వేర్వేరు చోట్ల నిలబడి బటన్లు ఒకేసారి నొక్కితే తప్ప ట్రైన్ కదలదు. ఈ చెకింగ్‌లో మాత్రం ఒక్క సెకను కూడా తగ్గించమని నేను అడగను, ఎవ్వరూ అడగకూడదు. తగ్గాల్సింది అంతకు ముందు జరిగే తంతు. బ్యాగులు లైన్ మొదట్లోనే లాకర్లో పెట్టించడం, వరుసలు గేటు దగ్గరే తేల్చేయడం, ఇవి మేనేజ్‌మెంట్ చెయ్యాల్సిన పనులు, చెయ్యకపోతే తప్పు వాళ్ళదే.

ఇక షెడ్డులో ట్రైన్ సంగతి. కోస్టర్ ట్రైన్లని ఎప్పటికప్పుడు విప్పి, చక్రాలు, ఇరుసులు, వెల్డింగులు చూసి మళ్ళీ బిగించాలి, కాబట్టి మీరు చూసింది రిపేరులో ఉన్నదే కావొచ్చు. స్టాఫ్ తక్కువైనా ఒక్కదానితోనే నడిపిస్తారు. పైగా పక్క ట్రాక్ నుంచి ట్రైన్‌ని మెయిన్ ట్రాక్ మీదకి తేవాలంటే కాసేపు రైడ్ మొత్తం ఆపాలి, అందుకే రద్దీ పెరిగాక మధ్యాహ్నం పూట పెట్టడానికి వెనకాడతారు. సెలవు రోజని ముందే తెలిసి కూడా పొద్దున్నే రెండో ట్రైన్ పెట్టకపోతే మాత్రం నేనూ మీ పక్షమే.

ప్రశ్న: మా ఆయనకి కోస్టర్లంటే ప్రాణం, కానీ దిగగానే మెడ పట్టేసింది, తల భుజం పట్టీలకి కొట్టుకుంది అంటారు. ఏ సీటయితే ఒళ్ళు హూనం కాకుండా ఉంటుంది మేడమ్?

జవాబు: ముందు ఒక మాట అమ్మా, మీ వారికి మెడలోగానీ నడుములోగానీ ఇంతకు ముందునుంచే ఇబ్బంది ఉంటే ఏ సీటూ మంచిది కాదు, డాక్టర్‌ని అడిగాకే ఎక్కమనండి. అలాంటిదేం లేదంటే ట్రైన్ మధ్యలో కూర్చోమనండి. చివరి వరుస ఎందుకు కుదిపేస్తుందంటే, ముందు పెట్టెలు శిఖరం దాటి కిందకి దిగడం మొదలెట్టేసరికి వెనక పెట్టె ఇంకా ఎక్కుతూనే ఉంటుంది, ముందువి దాన్ని స్పీడ్‌గా శిఖరం మీదుగా లాగేస్తాయి, అందుకే సీట్లోంచి లేచిపోయినట్టు అనిపిస్తుంది. థ్రిల్ కోరుకునేవాళ్ళు ఆ వరుస కోసమే కొట్టుకుంటారు, మెడ నొప్పి ఉన్నాయనకి మాత్రం వద్దు. ఇంకోటి, ఒకే పెట్టెలో రెండు మూడు వరుసలుంటే సరిగ్గా చక్రాల మీద పడే వరుస వదిలేసి చక్రాలకి దూరంగా ఉన్నది చూసుకోండి, చెక్క కోస్టర్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది.

తల కొట్టుకోవడానికి ఎక్కువగా కారణం మలుపు వచ్చినప్పుడు మెడ వదులుగా ఉండటమే. తల వెనక్కి ఆనించి, చూపు ట్రాక్ ఎటు పోతుందో అటే ఉంచాలి. కళ్ళు మూసుకుంటే మలుపు ఎప్పుడొస్తుందో ఒంటికి తెలీదు, అందుకే తెరిచే ఉంచమనండి. కింద లోయలాంటి చోట కళ్ళ ముందు బూడిద రంగు కమ్మినట్టయితే కాళ్ళూ పొట్టా బిగించి పట్టుకోమనండి, ఒంటి బరువు పెరిగినట్టయినప్పుడు రక్తం తల నుంచి కిందకి జారడం వల్ల వచ్చేది అది. తరచూ అలా అవుతుంటే ఆ రైడ్ మానెయ్యడమే మంచిది.

డిజైన్ వల్ల కూడా చాలా మారుతుంది. 1895లో న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అని తలకిందులుగా తిప్పే ఒక లూప్ కట్టారు, అది గుండ్రటి చక్రంలా ఉండేది, లూప్‌లోకి వెళ్ళగానే ఒక్కసారిగా బరువు మీద పడి జనం మెడలు పట్టేసేవి. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో రివల్యూషన్ అనే కోస్టర్‌కి నీటిబొట్టు ఆకారంలో లూప్ పెట్టారు, కింద వెడల్పుగా పైన ఇరుకుగా, దాంతో ఆ బరువు మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. ఇప్పుడు మీరు చూసే పెద్ద లూపులు చాలావరకు ఆ దారిలోవే. అలాగే భుజాల మీద గట్టి పట్టీల బదులు ఒడిలో బార్ మాత్రమే ఉండే ట్రైన్లు ఈమధ్య ఎక్కువవుతున్నాయి, తల కొట్టుకోవడానికి పక్కన ఏమీ ఉండదు. మీ వారికి అలాంటివే వెతకండి.

ప్రశ్న: మా రైడ్ పైకి ఎక్కుతుండగా సగంలో ఆగిపోయింది, పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి జారిపోతే పరిస్థితేంటి?

జవాబు: జారదు. ఎక్కేటప్పుడు టకటకా శబ్దం వింటారు చూడండి, అది ట్రైన్ కింది కొక్కెం మెట్టుమెట్టుకీ ట్రాక్ మీది పళ్ళలో పడే చప్పుడు, పైకి లాగే చైన్ తెగినా ట్రైన్ ఆ మెట్టు మీదే నిలబడిపోతుంది. అది మిమ్మల్ని పట్టుకుందని చెప్పే శబ్దం, దాన్ని విని భయపడకండి.

ఆగడానికి కారణం సాధారణంగా ముందు ట్రైన్ ఇంకా దారి వదలకపోవడం. రైలు సిగ్నల్స్ లాగే ట్రాక్‌ని బ్లాకులుగా విడగొడతారు, ఒక బ్లాకులో ఒకే ట్రైన్ ఉండాలి, ముందు బ్లాకు ఖాళీ అయిందని సెన్సర్ చెప్పకపోతే వెనక ట్రైన్‌ని కంప్యూటరే ఆపేస్తుంది. స్టేషన్లో ఎవరిదో బెల్టు పెట్టుకోవడం ఆలస్యమైనా మీరు పైన ఆగొచ్చు. చివర్లో ఉండే మ్యాగ్నెట్ బ్రేకులకైతే కరెంటే అక్కర్లేదు, అయస్కాంతాల మధ్యలోంచి లోహపు పట్టీ దూసుకెళ్తే చాలు, స్పీడ్ దానంతటదే పడిపోతుంది. మీరు చెయ్యాల్సింది కదలకుండా కూర్చోవడం, స్టాఫ్ పక్కనున్న మెట్ల మీదుగా వచ్చి దింపేదాకా బార్ జోలికి పోవద్దు.

ప్రశ్న: బోర్డు మీద 60 నిమిషాలని ఉంటే 40లోనే ఎక్కాం. మరోసారి అదనంగా డబ్బు కట్టి వేరే లైన్లో వచ్చే ఎక్స్‌ప్రెస్ వాళ్ళు ముందుకెళ్తుంటే మేం కదల్లేదు. ఇదెక్కడి లెక్క?

జవాబు: బోర్డు మీద టైమ్ కొంచెం ఎక్కువే రాయడం చాలా పార్కులకి అలవాటు, చెప్పినదానికంటే ముందే ఎక్కితే జనం సంతోషిస్తారు, ఆలస్యమైతే గొడవ. దానికి నాకేం అభ్యంతరం లేదు.

ఎక్స్‌ప్రెస్ లైన్ దగ్గరే నాకు కడుపు మండుతుంది. గంటకి 1200 సీట్లు ఉన్నాయనుకోండి, అందులో 700 ఎక్స్‌ప్రెస్‌కి పోతే మామూలు లైన్‌కి మిగిలేది 500. మీ ముందు 500 మంది ఉంటే సీట్లన్నీ మామూలు లైన్‌కే అయితే 25 నిమిషాల్లో అయ్యే పని గంట పడుతుంది. సీట్లు పెరగలేదు, మీ టైమ్ తీసి వాళ్ళకిచ్చారు. డిస్నీ 1999లో లైన్ తప్పించుకునే ఫాస్ట్‌పాస్ మొదలెట్టినప్పుడు అది టికెట్ కొన్న అందరికీ ఉచితమే, తర్వాత్తర్వాత డబ్బులిస్తేనే అనే పద్ధతి వచ్చింది. కనీసం ఏ లైన్‌కి ఎన్ని సీట్లు ఇస్తున్నారో బోర్డు మీద రాయాలి, అది అడిగే హక్కు మనకుంది.

సింగిల్ రైడర్ లైన్ ఉంటే మాత్రం వాడుకోండి. ముగ్గురు వచ్చి రెండేసి సీట్ల వరుసల్లో కూర్చుంటే ఒక సీటు ఖాళీ, అందులో ఒంటరిగా వచ్చినవాళ్ళని కూర్చోబెడతారు, ఎవరి టైమూ పోదు.

ప్రశ్న: పొద్దున ఎక్కిన కోస్టరే సాయంత్రం ఇంకా స్పీడ్‌గా అనిపించింది, నా భ్రమేనా?

జవాబు: భ్రమ కాదు. రోజంతా తిరిగేసరికి చక్రాలూ, బేరింగుల్లో గ్రీజూ వేడెక్కి ట్రైన్ తేలిగ్గా దొర్లుతుంది. ట్రైన్ నిండా జనం ఉన్నా కొంచెం స్పీడ్ పెరుగుతుంది, బరువున్నదాన్ని గాలి ఆపడం కష్టం. మెత్తగా కావాలంటే పార్కు తెరవగానే వెళ్ళండి, లైన్ కూడా అప్పుడే తక్కువ.